ఉప్పు చుట్టూ ఒక బడి పూట



ఈ పూట ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల చదువు గురించి మాట్లాడతాను. అయిదో తరగతి దాకా ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెప్పుకొస్తారు. ఆరులో అడుగు పెట్టగానే సబ్జెక్టుకో మాస్టారు. గంట కొట్టగానే ఒకరు బయటికి, ఇంకొకరు లోపలికి. తెలుగు మాస్టారికి లెక్కల మేడం ఏ పాఠం దగ్గరున్నారో తెలియదు. సైన్సు మేడానికి సోషల్ మాస్టారు ఈ వారం ఏం చెబుతున్నారో తెలియదు. రోజంతా కూర్చుని అన్నీ వినేది పిల్లలే. విన్న పాఠాలకి ఒకదానితో ఒకదానికి పొత్తేమైనా కనిపించిందా అని వాళ్లని మనం అడగం.

మన విజయనగరం జిల్లా భోగాపురం వైపే చూడండి. ముక్కాం, చేపలకంచేరు లాంటి తీరపు ఊళ్ల పిల్లలకి ఉప్పు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నెత్తళ్లు ఇసుకలో ఎండుతుంటే కాకులు వాలకుండా కాపలా కాసిన పిల్లలు వాళ్లు. పెద్ద చేపని చీల్చి ఉప్పు పట్టించడం అమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో చూసినవాళ్లు. ఆ పిల్లలే బడికొచ్చి, నీళ్లలో కరిగిన ఉప్పును వేరు చేయడం సైన్సులో చదువుతారు. శాతాలు లెక్కల్లో చేస్తారు. దండి యాత్ర సోషల్‌లో రాస్తారు. ఉప్పూ కర్పూరమూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయన్న వేమన పద్యం తెలుగులో అప్పజెబుతారు. ఈ నాలుగూ నాలుగు పుస్తకాల్లో, నాలుగు వేర్వేరు నెలల్లో జరిగిపోతాయి. వాటన్నిటిలో ఉన్నది తమ వాకిట్లో ఉన్న ఉప్పేనన్న మాట ఏ పీరియడ్‌లోనూ వినబడదు.

ఆ నాలుగింటినీ ఒకే పూట, ఒకే గదిలో కలిపి నడిపించవచ్చు. బడి భాషలో దీన్ని స్టేషన్ల పద్ధతి అంటున్నారు. నేను మజిలీలు అంటాను. గదిలో బెంచీలు జరిపి అయిదు చోట్ల అయిదు పనులు పెడతారు. నలభై మంది ఉన్న తరగతిని ఎనిమిదేసి మంది చొప్పున అయిదు జట్లు చేస్తారు. జట్టు ఒక చోట పదిహేను నిమిషాలు పని చేసి, రాసుకోవలసింది రాసుకుని, పక్క చోటికి కదులుతుంది. అయిదు మజిలీలకీ గంటంబావు పడుతుంది. ఆ తర్వాత తరగతి అంతా ఒకటై కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంకో పీరియడ్ కావాలి. వెరసి మూడు పీరియడ్లు. మధ్యాహ్న భోజనం గంట కొట్టేలోపు అయిపోతుంది.

ఉప్పు పాఠానికి ఏ మజిలీలో ఏం పెట్టాలో చెబుతాను.

మొదటిదానికి వారం ముందు నుంచే ఏర్పాటు ఉండాలి. తీరం నుంచి సముద్రపు నీరు తెప్పించి, సమానంగా కొలిచి, సగం చెంబులో, సగం వెడల్పాటి పళ్లెంలో పోసి ఎండలో పెట్టాలి. పళ్లెం ముందు ఎండిపోతుంది, చెంబులో నీరు ఇంకా మిగిలే ఉంటుంది. నౌపడ దగ్గర ఉప్పుమడులు లోతు లేకుండా అంత వెడల్పుగా ఎందుకు పరుచుకుని ఉంటాయో పిల్లలకి ఇక్కడ అర్థమవుతుంది. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు 27 గ్రాముల దాకా ఉంటుంది. మిగతావాటిలో మెగ్నీషియం లవణాలు చేదు. అందుకే ఉప్పు గడ్డకట్టాక చివరి నీటిని మడిలోంచి తీసేస్తారు. కిలో ఉప్పు కావాలంటే ఎంత నీరు ఎండబెట్టాలి? భాగిస్తే 37 కిలోలు వస్తుంది. పిల్లలు ఈ లెక్క వేసి, తూకం వేసి చూసి, తమ పళ్లెంలో తేలిన ఉప్పుతో సరిపోల్చుకోవాలి. సరిపోకపోతే ఎందుకు సరిపోలేదో రాయాలి. వానాకాలంలో, ఏటి మొగ దగ్గర పట్టిన నీరైతే ఉప్పు తగ్గి తీరుతుంది. చంపావతి సముద్రంలో కలిసే కోనాడ మన పక్కనే ఉంది కాబట్టి రెండు చోట్ల నీరూ తెచ్చి చూడమనండి.

రెండో మజిలీ పని సులువు. దోసకాయ ముక్కల మీద ఉప్పు చల్లి పదినిమిషాలు చూడటమే. ముక్కల చుట్టూ నీరు ఊరుతుంది. "సార్, ఇదేటి, నీరు దానంతటదే వచ్చేస్తంది!" అని ఆశ్చర్యపోయే పిల్లని, "మరి మీ ఇంట్లో చేపకి ఉప్పెందుకు పట్టిస్తారమ్మా?" అని అడిగితే చాలు. ఉప్పు చేపలోని నీటిని బయటికి లాగుతుంది. నీరు తగ్గితే కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి బతుకు ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు వేటకి వెళ్లకూడదు. ఆ రెండు నెలల్లో ఎండు చేప ఎన్ని ఇళ్లని ఆదుకుంటుందో ఆ పిల్లలే మనకి చెబుతారు. ఇక్కడ టీచరు వినాలి.

మూడో మజిలీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రెండు గిన్నెలు. ఒకదానిలో గళ్లుప్పు, ఇంకొకదానిలో కర్పూరం పలుకులు. పక్కన వేమన పద్యం. రెండింటినీ విడదీసి చెప్పడానికి వేమన చూపిన మార్గం రుచి. కానీ సైన్సు గదిలో ఏదీ నోట్లో పెట్టుకోకూడదన్నది మొదటి నియమం. పైగా ఈనాటి పూజ కర్పూరం తినదగింది కాదు. కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: నాలుక వాడకుండా ఎన్ని విధాల తేడా చెప్పగలవు? పిల్లలు ముందు వాసన అంటారు. తర్వాత నీళ్లలో వేస్తారు. ఉప్పు మునిగి కరుగుతుంది, కర్పూరం కరగకుండా పైన తిరుగుతుంది. మూతలేని గిన్నెలో రెండు పలుకులు వారం రోజులు వదిలేస్తే కర్పూరం తరిగిపోతుంది, ఉప్పు అలాగే ఉంటుంది. వెలిగించి చూడటం మాత్రం టీచరు చేతుల మీదుగానే జరగాలి. కర్పూరం మిగలకుండా కాలిపోతుంది. ఉప్పు అంటుకోదు. అప్పుడు పద్యంలోకి తిరిగి రావాలి. మనుషుల్లో మంచివాళ్లని గుర్తించడానికి వేమన చెప్పినదానికీ, పదార్థాన్ని గుర్తించడానికి మనం చేసినదానికీ పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ? ఆరు వాక్యాల్లో రాయండి. పద్యాన్ని ఇలా పట్టుకున్న పిల్లకి దాని తాత్పర్యం బట్టీ పట్టే అవసరం ఉండదు. తెలుగు మాస్టారూ సైన్సు మేడమూ పక్కపక్కన నిలబడి చెప్పవలసిన పాఠం ఇది. ఇద్దరిలో ఏ ఒక్కరు చెప్పినా సగమే వస్తుంది.

నాలుగోది పటం ముందు. దండి యాత్ర 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుంచి బయలుదేరింది. 24 రోజుల్లో సుమారు 385 కిలోమీటర్లు నడిచారు. ఏప్రిల్ 6న గాంధీ ఉప్పు చేతిలోకి తీసుకున్నారు. ఆ 385 కిలోమీటర్లని దారంతో కొలిచి, భోగాపురం దగ్గర ఒక కొస పెట్టి జాతీయ రహదారి వెంట దక్షిణంగా పరవమనండి. రెండో కొస ఇంచుమించు విజయవాడ దగ్గర తేలుతుంది. రోజుకి 16 కిలోమీటర్లు. అరవై ఏళ్ల మనిషి. సంఖ్య బట్టీ పట్టినప్పుడు కలగని గౌరవం ఆ దారం పరిచినప్పుడు కలుగుతుంది. ఉప్పు మీద పన్ను వేస్తే ఎవరికి ఎక్కువ బరువు, కూలికా, జమీందారుకా అన్నది ఆ మజిలీలో తేల్చవలసిన ప్రశ్న. మనిషి తినే ఉప్పు సంపద పెరిగినకొద్దీ పెరగదు కదా. ఎనిమిదో తరగతి పిల్లలు దీని మీద గట్టిగానే వాదించుకుంటారు. వాదించుకోనివ్వాలి.

అయిదో మజిలీకి ఇంటి నుంచి సమాచారం తేవాలి. ఇంట్లో ఉప్పు ప్యాకెట్టు ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు అయిపోయింది, ఎంతమంది తింటారు. పెద్దవాళ్లు రోజుకి అయిదు గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. పదిమంది పిల్లలు తెచ్చిన తేదీలు బల్లమీద పెట్టి సగటు కట్టినప్పుడు తేలేది ఆ ఊరి లెక్క. ఆ లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఆవకాయలోనూ ఎండు చేపలోనూ ఉన్న ఉప్పు దీనిలోకి వచ్చిందా రాలేదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మధ్యాహ్న భోజనం వండే అత్తని కాసేపు పిలిచి, ఇంత పప్పుకి ఎంత ఉప్పు వేస్తారో ఆమె చేతే చెప్పించి, ఆ పిడికెడు ఉప్పుని తూచండి. బీపీ మాత్రలు వేసుకునే తాతలూ అవ్వలూ ఉన్న ఇళ్లలోకి ఆ సాయంత్రమే ఈ పాఠం చేరుతుంది.

ఇన్ని చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మజిలీల పేరుతో జరిగే తరగతులు చాలా చోట్ల ఎగ్జిబిషన్లుగా మారిపోతున్నాయి. రంగు కాగితాలు, థర్మోకోల్, ఫొటోలు. పిల్లలు బల్ల నుంచి బల్లకి తిరుగుతారు, నవ్వుతారు, ఏం నేర్చుకున్నారంటే చెప్పలేరు. బల్ల మీద సామాను ఉండి ప్రశ్న లేకపోవడం దీనికి కారణం. ప్రతి మజిలీలోనూ ఒక కార్డు ఉండాలి. దాని మీద ఒకే ఒక్క ప్రశ్న, ముందుగా జవాబు తెలియని ప్రశ్న, పిల్లల చదివే స్థాయికి తగిన తెలుగులో ఉండాలి. పదిహేను నిమిషాల చివర మూడు నిమిషాలు రాతకి కేటాయించాలి. రాయకుండా కదలడానికి వీల్లేదు. ఇక ఆఖరి పీరియడ్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు. చెంబూ పళ్లెం లెక్కకీ, దండి దారానికీ, ఇంటి ప్యాకెట్టుకీ ముడి పడేది అక్కడే. టైం అయిపోయిందని దాన్ని వదిలేస్తే మనం చేసిందంతా అయిదు విడి పాఠాలుగానే మిగులుతుంది.

జట్లు కట్టడంలో కూడా జాగ్రత్త కావాలి. చురుకైన పిల్లలంతా ఒక జట్టు, వెనకబెంచీ వాళ్లంతా ఒక జట్టు అయితే ఈ పద్ధతి చెడిపోతుంది. కొలిచేవాళ్లు మగపిల్లలు, నీటుగా రాసేవాళ్లు ఆడపిల్లలు అన్న పంపకం మన తరగతుల్లో ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది. మజిలీ మారినప్పుడల్లా పని కూడా చేతులు మారాలి.

ఈ మజిలీల పద్ధతి పైనుంచి దిగిన కొత్త సరుకని కొందరు టీచర్లు అనుకుంటారు. కానీ చేతిపనిని కేంద్రంగా పెట్టుకుని దాని చుట్టూ లెక్కలు, భాష, చరిత్ర చెప్పాలన్న ఆలోచన 1937లో వార్ధా సమావేశంలోనే వచ్చింది. నయీ తాలీం అన్నది అదే. రాట్నం ముందు కూర్చున్న పిల్ల నూలు బారలు లెక్కపెడుతూ గణితం నేర్చుకోవాలన్నారు. మన రాష్ట్రంలో 1980లలో మొదలై 1990ల మధ్య దాకా బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. పాతతరం టీచర్లకి అది చెప్పిన ఆరు సూత్రాలు ఇప్పటికీ గుర్తుంటాయి. చేస్తూ నేర్చుకోవడం, జట్లుగానూ విడిగానూ తరగతి మొత్తంగానూ పని చేయించడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడల మీద ప్రదర్శించడం వాటిలో ఉన్నాయి. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం వచ్చినప్పుడు మొదటి విడతలో తీసుకున్న అయిదు జిల్లాల్లో మన విజయనగరం ఒకటి. ఇటు మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ బడుల కోసం కార్డులు, అభ్యసన నిచ్చెన తయారు చేశారు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుంటే అక్కడి నుంచే ముందుకి సాగుతుంది. ఆ పద్ధతే కర్ణాటకలో నలి కలిగానూ, తమిళనాడు బడుల్లో కృత్యాధార బోధనగానూ వేల తరగతి గదులకి వెళ్లింది. ఆ కార్డులు పుట్టింది తెలుగు నేల మీద.

ఈ ప్రాథమిక పథకాలూ కార్డులూ ఎక్కడ ఆగిపోయాయో చూడండి. అయిదో తరగతి దగ్గర. కృత్యాలు, జట్లు, పరిసరాలు చిన్నపిల్లల వ్యవహారమనీ, ఆరు నుంచి అసలు చదువు మొదలవుతుందనీ మనమే గీత గీశాం. పన్నెండు పదమూడేళ్ల వయసులోనే పిల్లలకి ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి. సరిగ్గా అప్పుడే వాళ్లని బెంచీకి అతికించి నోట్సు చెప్పడం మొదలుపెడుతున్నాం. ఇది పొరపాటని నా గట్టి నమ్మకం.

ఆరు నుంచి ఎనిమిది దాకా కూడా చేసి చూపినవాళ్లు ఉన్నారు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో మొదలైంది. పల్లెటూరి ప్రభుత్వ బడుల్లో పిల్లలు జట్లుగా కూర్చుని, చవక సామానుతో ప్రయోగం చేసి, తాము చూసిందే రాసుకున్నారు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వాళ్లు పరీక్షని కూడా మార్చారు. పుస్తకం తెరిచి రాసే పరీక్ష, చేతితో చేసి చూపే పరీక్ష పెట్టారు. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా ముప్పై ఏళ్లు అది నిలబడడానికి పరీక్షలో తెచ్చిన మార్పు ఒక పెద్ద కారణమని నేననుకుంటాను. బోధన ఒక తీరుగా, పరీక్ష ఇంకో తీరుగా ఉంటే పిల్లలూ టీచర్లూ పరీక్ష వైపే వెళతారు. వాళ్లని తప్పుపట్టలేం.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని హెడ్మాస్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పిన ఉప్పు పాఠంలో ద్రావణాలు, శాతాలు, సగటు, స్వాతంత్ర్యోద్యమం, పద్యం, ఆరోగ్యం ఉన్నాయి. ఇవన్నీ సిలబస్‌లోనివే. కాకపోతే ఒక్కో తరగతి పుస్తకంలో ఒక్కోటి ఉంటుంది కాబట్టి ఏ తరగతికి ఏ మజిలీని లోతుగా చేయించాలో ముందుగా తేల్చుకోవాలి. గోల మాటకొస్తే, నలభై మంది పని చేస్తున్నప్పుడు వచ్చే చప్పుడుకీ టీచరు లేనప్పుడు వచ్చే చప్పుడుకీ తేడా వరండాలో నిలబడి వింటే తెలిసిపోతుంది.

అసలు చిక్కు స్టాఫ్ రూంలో ఉంది. ముగ్గురు టీచర్లు కలిసి అరగంట కూర్చుని, నువ్వు ఈ ప్రశ్న చూడు, నేను ఆ ప్రశ్న చూస్తాను అని అనుకోవడం మన బడుల్లో అరుదు. టైంటేబుల్‌లో దానికి చోటే లేదు. సామాను కొనడానికి డబ్బు అడగడం సులువు. ఈ పాఠానికి కావలసిన ఉప్పు, చెంబు, దారం అన్నీ కలిపితే వందరూపాయలు కాదు. ఆ అరగంట దొరకడమే కష్టం. హెడ్మాస్టరు తలుచుకుంటే ఇవ్వగలరు.

అవకాశం కూడా ఇప్పుడుంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలకి పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులుండాలని చెప్పింది. మన రాష్ట్రంలో శనివారాలు నో బ్యాగ్ డేగా ప్రకటించారు. ఆ శనివారాల్లో పాటలూ ఆటలూ ఉండాలి. నెలకి ఒక శనివారం ఇలాంటి పాఠానికి కూడా ఇస్తే ఏడాదికి ఎనిమిదో పదో వస్తాయి.

భోగాపురంలో విషయాలకి కొదవేం ఉంది? అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన అంతర్జాతీయ విమానాశ్రయం ఇక్కడే, సుమారు 2,200 ఎకరాల్లో. రన్‌వే పొడవు 3.8 కిలోమీటర్లు. ఒక పిల్ల ఆ దూరం నడవడానికి ఎంతసేపు, విమానానికి ఎన్ని సెకన్లు అన్నది లెక్కల మజిలీ. సముద్రపు గాలి ఏ నెలలో ఏ వైపు నుంచి వీస్తుంది, రన్‌వే దిశకీ దానికీ సంబంధం ఏమిటన్నది సైన్సు. ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి పుట్టిన పాండ్రంగి ఇక్కడికి దగ్గరే, పద్మనాభం మండలంలో. అది చరిత్ర. విమానాశ్రయం కోసం సొంత ఇళ్లూ జీడితోటలూ వదిలి కొత్త కాలనీలకి మారిన కుటుంబాల పిల్లలు కూడా ఈ బడుల్లోనే చదువుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఏం వదులుకున్నారు, ఏం వచ్చింది, పాత ఊరి చెట్ల పేర్లేమిటి అని అడిగి రాసే మజిలీ ఒకటి తప్పకుండా ఉండాలి. రన్‌వే పొడవు ఒక్కటే నేర్పి దీన్ని వదిలేస్తే ఆ పాఠం నిజాయితీగా ఉండదు.

టీచర్లకి నా విన్నపం ఒక్కటే. వచ్చే నెలలో ఒక శనివారం ఎంచుకోండి. ఇద్దరు తోటి టీచర్లని కలుపుకోండి. ఉప్పే కానక్కర్లేదు, మీ ఊళ్లో దొరికే ఏ వస్తువైనా సరే. అయిదు కుదరకపోతే మూడు మజిలీలు పెట్టండి. మొదటిసారి టైం చాలదు, ఒకటి రెండు జట్లు తికమకపడతాయి. అయినా ఆపకుండా రెండోది చేయండి. పిల్లలు రాసిన కాగితాలు దాచి, తల్లిదండ్రుల సమావేశం రోజు వాళ్ల ముందు పెట్టండి. తల్లిదండ్రులకి కూడా ఒక మాట. ఈసారి ఉప్పు ప్యాకెట్టు తెచ్చినప్పుడు దాని మీద తేదీ రాసి ఉంచండి. మీ పిల్లలు అడిగినప్పుడు పనికొస్తుంది.